కామాక్షమ్మ ఏరుకున్న మాటలు

కలకత్తా దగ్గర బడ్జ్ బడ్జ్ జూటు మిల్లులో పనిచేసే తెలుగువాళ్ల ఇళ్ల లైనులో ఎవరికైనా జ్వరం మూడు రోజులు దాటిందంటే కామాక్షమ్మ పరామర్శకి వస్తుంది. ఆవిడ గుమ్మంలో కనబడగానే ఇంట్లోవాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. ఎందుకంటే శవం దగ్గర రాగం తీసి ఏడవడంలో ఆ లైనులో ఆవిణ్ని మించినవాళ్లు లేరు. పోయిన మనిషి పుట్టిన దగ్గర్నుంచి ఆఖరి ముద్ద దాకా తిన్నవీ, పడ్డవీ, పెట్టినవీ ఒక్కటి వదలకుండా మాటలు కట్టి ఏడుస్తుంది. బతికుండగా ఆ మనిషి మొహం చూడని ఆడపడుచు కూడా ఆ ఏడుపు విని చతికిలబడిపోవాల్సిందే. అంత పనితనం ఊరికే వస్తుందా? ముందుగా సరుకు చేర్చుకోవాలి. డెబ్బై ఆరేళ్ల కామాక్షమ్మ జబ్బుపడ్డ ప్రతివాళ్ల మంచం పక్కనా కూచుని, ఏం తిన్నావు, ఎక్కడ నొప్పి, నిద్ర పట్టిందా అని ఆరా తీసేది అందుకేనని లైనంతా గట్టి నమ్మకం.

పుష్పరాణికి రొమ్ములో గడ్డ తేలి, ఆపరేషనై, కీమోలకి జుట్టంతా రాలిపోయినప్పుడు కామాక్షమ్మ మూడుసార్లు వచ్చింది. మూడోసారి పుష్పరాణి చెల్లెలు రమాకుమారి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె ఇంట్లోనే జాకెట్లు కుట్టే మనిషి. చేతిలో కత్తెర అలాగే ఉంది.

“సూడ్డానికొచ్చినావా మామ్మా, మాటలేరుకోడానికొచ్చినావా?”

“సూడ్డానికేనే గుంటా.”

“సూసినావు కదా. మాయప్ప సావదు. ఎల్లు.”

లోపల మంచం మీదున్న పుష్పరాణికి నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగుతాయి, నవ్వకపోతే ప్రాణం ఒప్పుకోదు. చివరికి దుప్పటి నోట్లో కుక్కుకుని నవ్వింది.

ఇదంతా కిందటేడు మాట. ఇప్పుడు పుష్పరాణికి జుట్టు వేలెడు మొలిచింది. శనివారాలు సాల్ట్ లేక్‌లో ఒక సహాయ కేంద్రానికి వెళ్తోంది. రొమ్ము కాన్సరూ, అండాశయం కాన్సరూ వచ్చిన ఆడవాళ్లు అక్కడ కూడి మాట్లాడుకుంటారు. మొదటిరోజు అంతా బెంగాలీవాళ్లని చూసి బెదిరింది. తన బెంగాలీ చేపల బజారులో దెబ్బలాడటానికి సరిపోతుంది గాని, భయం చెప్పుకోవడానికి ఏం చాలుతుంది? తీరా కూచుని వింటే, కీమో రోజుల్లో ఏ చేప సహిస్తుంది, ఏది వాంతి తెప్పిస్తుంది అన్న దాని మీదే గంటసేపు వాదించుకున్నారు. పుష్పరాణి రెండో వారం నుంచి ఆ వాదనలో ముందు వరసలో ఉంది.

ఆ కేంద్రంలో ప్రణతి అని ఒక వరంగల్ అమ్మాయి పనిచేస్తోంది. ఏ ఇంట్లో ఏ జబ్బు తరతరాలుగా వస్తోందో అడిగి తెలుసుకుని, ఎవరు ఏ పరీక్ష చేయించుకోవాలో చెప్పడం ఆమె ఉద్యోగం. పుష్పరాణి నింపి ఇచ్చిన కాగితం చూసి ఆమె నుదురు చిట్లించింది.

“అమ్మమ్మ, టైమొచ్చింది. పెద్దమ్మ, టైమొచ్చింది. పిన్ని, టైమొచ్చింది. ఏందక్కా, మీ ఇంట్ల ఎవ్వరికీ రోగం రాలే, అందరికీ టైమే వచ్చిందా?”

“మావోలు అలాగే సెప్తారమ్మా. రోగం పేరు నోటితో అంటే ఇంటికొచ్చి కూకుంటాదని బయం.”

“మంచిగుంది. మరి మీ నాయనమ్మ, మేనత్తలు ఏరి? ఒక్కరి పేరు గూడ రాయలే.”

“ఆళ్లెందుకు? ఇది ఆడోళ్ల జబ్బు, అమ్మోళ్ల వైపే కదా సూడాల. మేనత్తలయితే పెళ్లయి ఎలిపోనారు. ఏరే ఇంటిపేరు.”

ప్రణతి పెన్ను కింద పెట్టేసింది. “ఇంటిపేరు మారుతది గని నెత్తురు మారుతదా అక్కా? ఇది నాన్న దిక్కు నుంచి గూడ వస్తది. మగవాళ్లు తెల్వకుండనే మోసుకొచ్చి బిడ్డలకు ఇస్తరు. ఆ దిక్కు ఎవరికన్న రొమ్ముదో, అండాశయందో ఉండెనంటే మీ రక్తం పరీక్షకు పంపిద్దాం. మీకు రక్తంల ఉంటే మీ చెల్లెకు గూడ ఉండొచ్చు.”

చెల్లెకు అనగానే పుష్పరాణి కుర్చీ ముందుకి లాక్కుంది. మూడు నెలలుగా రమాకుమారి పొట్ట ఉబ్బరమంటోంది. పొద్దునొక సోడా, సాయంత్రమొక సోడా తాగి, తేనుపు రాకపోతే సోడావాడిని తిడుతోంది. స్కాన్ చేయించుకోవే అంటే కయ్యిమంటుంది. “మనింట్లో ఎవులికుందే ఇది? నీకు దిష్టి తగిలింది, నాకు గేసు. రెండూ ఒకటేటి?” అంటుంది. అమ్మా నాన్నా పోయాక ఈ లోకంలో పుష్పరాణికి సొంతమని మిగిలింది ఆ నోరుగలది ఒక్కతే. తనకి గడ్డ అని తెలిసిన రోజు కూడా పుష్పరాణి ఇంత భయపడలేదు.

పుష్పరాణి తండ్రి గవరయ్య తల్లీ, ఈ లైనులోనే ఇంకో ఇంటికి కోడలైన ఆయన చెల్లెలూ ఇక్కడే పోయారు. ఎలా పోయారో చెప్పగలిగిన మనిషి ఇప్పుడు ఒక్కరే ఉన్నారు.

కామాక్షమ్మ గుమ్మంలో కూచుని చేపలు తోముతోంది. పుష్పరాణిని చూసి మనసారా నవ్వింది.

“నా మీద ఎన్ని మాటలేరినావు మామ్మా?” అంది పుష్పరాణి పక్కనే కూచుంటూ.

“పద్నాలుగు. నువ్వు లెగిసి కూకున్నావు. అన్నీ దండగే,” అంది కామాక్షమ్మ. ఆ గొంతులో ఎంత వెతికినా విచారం లేదు.

నాయనమ్మ సంగతి అడిగితే మాత్రం ముసలామె తెల్లమొహం వేసింది. “ఏటో... జబ్బు సేసింది. పోనాది. ఊరికే సెప్పమంటే రాదే అమ్మా. రాగం ఎత్తుకుంటే దాని ఎనకాల అన్నీ వొస్తాయి. కానీ సావు నేని ఇంట్లో ఏడిస్తే లైనోలు నన్ను బతకనిస్తారేటి?”

“సాల్ట్ లేక్‌లో ఏడుద్దువు గాని. అక్కడో ఆపీసుంది.”

కామాక్షమ్మ చేతిలోంచి చేప జారింది. “ఏసీ ఉంటాదేటి?”

“ఉంటాది.”

“అయితే ఒక మెడ కావాల. ఉట్టి గాల్లో ఏడవలేను. నీది వొద్దు, ఆపరేసనైన ఒళ్లు.”

వీళ్ల సొంతూళ్ల వైపు ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు కౌగిలించుకునే శవం దగ్గర ఏడుస్తారు. మెడ దొరక్కపోతే రాగం నిలవదు. పుష్పరాణికి తెలిసిన గట్టి మెడ ఒకటే ఉంది. ముసలామెని ఎస్కలేటర్ ఎక్కించాలి, నా చెయ్యి పైకి లేవదు, నువ్వు తోడు రా అని చెల్లెల్ని బతిమాలింది. అందులో అబద్ధం లేదు. మెడ సంగతి చెప్పలేదు, అంతే.

శనివారం ముగ్గురూ లోకల్ ట్రైనులో సియాల్దా వెళ్లి మెట్రో ఎక్కారు. కామాక్షమ్మ పెట్టెలో దాచుకున్న నేత చీర కట్టింది. పెళ్లికి కూడా అంత ముస్తాబయి ఉండదు. మెట్రోలో నిలబడి గొంతు సవరించుకుంటూ సన్నగా ఒక కూత తీసేసరికి ఎదుటి సీట్లో పెద్దమనిషి ఉలిక్కిపడి లేచాడు.

“కీ హోలో, మాషీమా?” అని, ఏమైంది పిన్నిగారూ అన్నట్టు కంగారుగా తన సీటు ఇచ్చేశాడు.

కామాక్షమ్మ దర్జాగా కూచుంది. రమాకుమారి సిగ్గుతో చచ్చిపోయింది. “మామ్మా, ఇది మెట్రో. మసానం కాదు,” అని పళ్లు నూరింది.

ప్రణతి గదిలో ఏసీ ఉంది. బల్ల మీద కన్నీళ్లు తుడుచుకునే మెత్తటి కాగితాల డబ్బా కూడా ఉంది. కామాక్షమ్మ రెండింటినీ పరీక్షగా చూసి, ఇది ఏడవడానికి కట్టిన గదేనని తృప్తిపడింది. ప్రణతి తెల్లకాగితం పరిచింది. ఆడవాళ్లకి సున్నాలు, మగవాళ్లకి చదరాలు గీసి, జబ్బు ఉన్న సున్నాని నల్లగా నింపుతానని చెప్పింది. కామాక్షమ్మ ఆ గొడవ వినలేదు. లేచి కొంగు బిగించి, ఒక్క అంగలో రమాకుమారి మెడ పట్టేసుకుంది.

“అప్పా!” అని రమాకుమారి కేక పెట్టేలోగా రాగం లేచింది.

“ఓలమ్మో మాలచ్చమ్మో... రైకలోన రాయి దాసుకున్నావా తల్లో... పిల్లలకి పాలిచ్చిన సోటే పుండై పగిలిందా తల్లో... డాట్టరికి సూపమంటే సిగ్గని సెప్పినావా తల్లో...”

అది పుష్పరాణి నాయనమ్మ మహాలక్ష్మమ్మ కోసం ఏడ్చిన ఏడుపు. కామాక్షమ్మ ఇరవయ్యో ఏట, కొత్తకోడలుగా లైనుకి వచ్చినప్పుడు కట్టిన మొదటి ఏడుపు. యాభై ఏళ్లు దాటినా ఒక్క మాట చెరగలేదు. తలుపు తోసుకుని గార్డు పరిగెత్తుకొచ్చాడు. ప్రణతి కళ్లు తుడుచుకుంటూనే, ఏం లేదు దాదా, ఇంటి వివరాలు రాసుకుంటున్నాం అని బెంగాలీలో చెప్పి పంపింది. అతను నమ్మలేదు, తలుపు సందులోంచి చూస్తూ నిలబడ్డాడు.

“అప్పుడు ఆమె వయసు ఎంత?” అని ప్రణతి మెల్లిగా అడిగింది.

కామాక్షమ్మ రాగం తెంపలేదు. “పెద్దకొడుకు గవరయ్యకి మీసమైనా రాకముందే ఎలిపోనావా తల్లో...”

ప్రణతి వేళ్లు మడిచి లెక్కేసి, నలభై లోపు అని రాసింది. మొదటి సున్నా నల్లబడింది. రమాకుమారి మాత్రం ముసలామె పట్టులో గింజుకుంటూ, ఇంటికి పద నీ సంగతి చెప్తా అన్నట్టు అక్క వైపు చూస్తోంది. పుష్పరాణి కిటికీలోంచి సాల్ట్ లేక్ అందాలు చూస్తున్నట్టు నటించింది.

రెండో ఏడుపు మేనత్త అప్పలనర్సమ్మది.

“ఓలప్పో నర్సమ్మో... నాలుగు మెతుకులకే కంచం తోసీసినావా అప్పో... కడుపు నేని పొట్ట నెలనెలా పెరిగితే గేసని సోడాలు తాగినావా అప్పో...”

గింజుకుంటున్న రమాకుమారి ఆగింది.

“రైకలన్నీ వొదులైపోయి లంగా బొందొకటే బిగువైందా అప్పో... ఎవులికీ సెప్పకుండ బొందు పొడుగు సేసుకున్నావా అప్పో...”

లైనులో ఆడవాళ్లందరి కొలతలూ నోటికి చెప్పగల మనిషి రమాకుమారి. ఈ మూడు నెలల్లో తన జాకెట్లు రెండుసార్లు లోపలికి కుట్టుకుంది. లంగాలకి కొత్త బొందులు ఎక్కించుకుంది. కూచుని పని చేసేదాన్ని, పొట్ట రాదా అనుకుంది. ఇప్పుడు ఆమె చెయ్యి తనకి తెలియకుండానే నడుము దగ్గరికి వెళ్లింది. పుష్పరాణి ఆ చేతిని చూసింది. ఇంక కిటికీ వైపు చూడలేకపోయింది.

“ఆపు మామ్మా,” అంది రమాకుమారి.

కామాక్షమ్మ ఏడుపు మధ్యలో ఆపడం అదే మొదలు. మెడ మాత్రం వదల్లేదు.

“నాకూ అంతే అప్పా,” అంది రమాకుమారి చిన్నపిల్లలా. “నాలుగు ముద్దలకే నిండిపోతంది. మాటిమాటికీ బాత్రూముకెల్తన్నాను. నీకు సెప్తే బయపడతావని సెప్పనేదు.”

పుష్పరాణి వెళ్లి చెల్లెల్నీ ముసలామెనీ కలిపి పట్టుకుంది. లేవనన్న చెయ్యి కూడా లేచింది. ప్రణతి మెత్తటి కాగితాల డబ్బా వాళ్ల ముందుకి జరిపి, “ఇది ఉత్త గ్యాసే కావచ్చు అక్కా. గని చూస్తేనే గద తెలిసేది. డాక్టరమ్మ ఇక్కడ్నే ఉంది, ఇయ్యాలే స్కాన్ రాపిద్దాం,” అంది.

గ్యాసు కాదు. కుడివైపు అండాశయంలో గడ్డ ఉంది. పది రోజుల్లో ఆపరేషను చేసి తీసేశారు. అది ఇంకా బయటికి పాకలేదని చెప్పారు. కొన్ని వారాలకి పుష్పరాణి రక్తం పరీక్షలో ఆ తరతరాల లోపం బయటపడింది, తర్వాత రమాకుమారి రక్తంలోనూ అదే ఉంది. గవరయ్య ఇద్దరు కూతుళ్లకీ సమానంగా పంచి వెళ్లాడు. ఇంక భయం లేదని డాక్టరమ్మ మాటివ్వలేదు, ముదరకముందే దొరికిందని మాత్రం అంది. ఆ ఒక్క మాటకే పుష్పరాణి ఆసుపత్రి వరండాలో కూచుని, ఏ రాగమూ లేకుండా, ఇష్టమొచ్చినట్టు ఏడ్చింది.

కీమోలు మొదలయ్యాయి. అక్క పక్కనబెట్టిన తల రుమాళ్లు చెల్లెలికి వచ్చాయి. రంగులు బాలేవని చెల్లెలు రోజూ పేచీ పెట్టింది. లైనంతా చూడ్డానికి వచ్చింది గాని, కామాక్షమ్మ ఒక్కసారి కూడా రాలేదు. నానెళ్తే ఆ గుంట బయపడతాది అందట.

మూడో కీమో అయ్యాక, కామాక్షమ్మకి నాలుగు రోజులుగా జ్వరమని తెలిసింది. ఆవిణ్ని చూడ్డానికి ఎవరూ వెళ్లలేదు. రమాకుమారి తలకి పచ్చరుమాలు చుట్టుకుని, గిన్నెలో గంజి పోసుకుని, చంకలో జాకెట్ల కొలతల పుస్తకం పెట్టుకుని, మెల్లిగా నడుచుకుంటూ వెళ్లింది. వెనకాలే పుష్పరాణి.

కామాక్షమ్మ మంచం మీంచి తల ఎత్తి చూసింది. “సూడ్డానికొచ్చినావా, మాటలేరుకోడానికొచ్చినావా?”

“రెండూనూ,” అంది రమాకుమారి.

కామాక్షమ్మకి పిల్లల్లేరు. లైనులో ఇన్ని ఇళ్ల కోసం ఏడ్చిన మనిషి, తన కోసం ఎవరేడుస్తారని ఎన్నాళ్ల నుంచి అనుకుంటోందో పుష్పరాణికి ఇప్పుడు ఆ మొహం చూస్తే తెలిసింది. ముసలామె కొంగుతో కళ్లు ఒత్తుకుని, గంజి గిన్నె వైపు చెయ్యి చాపింది.

రమాకుమారి గంజి తాగించి, మూతి తుడిచి, మంచం పక్కన కూచుని పుస్తకం తెరిచింది. తెలుగు రాయడం రాదు కాబట్టి పైన బెంగాలీ అక్షరాల్లో కామాక్షమ్మ అని రాసి, కింద ఒక సున్నా గీసింది. దాని పైన ఇంకో సున్నా గీసింది.

“ముందు మీయమ్మ ఎలాగ పోనాదో సెప్పు,” అంది. “టైమొచ్చిందని మాత్రం అనకు.”