మ్యూట్‌లో పెట్టావా

“మ్యూట్‌లో పెట్టావా?” అని అడిగిన తర్వాతే మా ఆయన నన్ను కొడతాడు. పద్ధతైన మనిషి. నా ఉద్యోగమంటే ఆయనకి అంత గౌరవం. మొహం మీద చెయ్యి వెయ్యడు, మెడ దగ్గరకి రాడు. కెమెరాలో కనిపించేది అంతవరకేనని ఆయనకి బాగా తెలుసు. బల్ల కింద ఉన్నదంతా, అంటే నా మోకాళ్ళూ పిక్కలూ తొడలూ, ఆయన సొంతం. తెర చూడాలంటే తనూ కెమెరాలో పడాలి కాబట్టి బల్లకి అవతల, ల్యాప్‌టాప్ వెనకాల నిలబడి అడుగుతాడు. “పెట్టానండీ” అంటాను. నేనెప్పుడూ నిజమే చెప్పాను. నాకు బూటు దెబ్బ కంటే ఆఫీసువాళ్ళ చెవిన పడుతుందన్న భయమే ఎక్కువ.

వీడియో కాల్ సాఫ్ట్‌వేర్ జనానికి ఎంత సులువుగా ఉందో తేల్చడం నా పని. ఎవరో ఒక కొత్త మనిషిని కాల్‌లోకి పిలుస్తాను. ఫలానా బటన్ వెతకండి అంటాను. ఎన్ని సెకన్లు పట్టింది, ఎక్కడ తడబడ్డారు, ఎక్కడ విసుక్కున్నారు, అన్నీ రాసుకుంటాను. సాయం మాత్రం చేయకూడదు. అది మా పనిలో మొదటి నియమం. ఎదుటి మనిషి ఎంత అవస్థ పడుతున్నా కళ్ళప్పగించి చూస్తూ కూర్చోవాలి. ఈ విద్య నేర్చుకోవడానికి నాకు ఆరు వారాల శిక్షణ పట్టింది. మా అత్తగారికి పుట్టుకతోనే వచ్చింది.

ప్రతి పరీక్షకీ ముందు కాగితం చూసి చదవాల్సిన నాలుగు మాటలున్నాయి. “మేం పరీక్షిస్తున్నది మిమ్మల్ని కాదు, సాఫ్ట్‌వేర్‌ని. ఏదైనా దొరక్కపోతే తప్పు మీది కాదు.” మూడేళ్ళుగా వందలమందికి ఈ మాట చెప్పాను. చెప్పి, కాల్ ఆపి, వంటింట్లోకి వెళ్ళి, టవలు తడిగా ఉందనో తలుపు గట్టిగా వేశాననో మొహం మాడ్చుకున్న మనిషి ముందు నిలబడి, తప్పు నాదేనండీ అన్నాను. రెండూ ఒకే గొంతుతో, ఒకే మర్యాదతో అన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. నేను కాల్స్ చేసే బల్ల మీదే ఇస్త్రీ కూడా చేస్తాను. ఇస్త్రీ పెట్టె కాలుతూ చేతిలో ఉన్నప్పుడు, ఎదురుగా ఆయన మొహం అందేంత దూరంలో ఉన్నప్పుడు నాకెన్ని ఆలోచనలు వచ్చాయో చెబితే మీరు నన్ను పక్కన కూర్చోనివ్వరు. ఆలోచించి, చొక్కా మడత పెట్టేదాన్ని.

ఈ నెల పరీక్షిస్తున్నది కొత్త సదుపాయం. మన గొంతు తప్ప చుట్టూ ఉన్న శబ్దాలన్నీ అదే తీసేస్తుంది. గిన్నె పడినా, కుక్క మొరిగినా, మనిషిని కొట్టినా అవతలివాళ్ళకి వినపడదు. “మీ ఇల్లెంత ప్రశాంతంగా ఉంటుందండీ, మా ఇంట్లో అయితే సంతే” అని మా మేనేజరు ఒకసారి కుళ్ళుకుంది. నవ్వాను. ఆ సదుపాయాన్ని ఆపేసే బటన్ నాలుగు మెనూల లోపల దాక్కుని ఉంది. పదకొండుమంది వెతికితే నిమిషంలోపు ఒక్కరికీ దొరకలేదు. కంగారులో ఉన్న మనిషికి ఇది దొరకడం అసాధ్యమని నివేదికలో నేనే రాశాను.

ఈరోజు పన్నెండో మనిషి, కుట్టుపని చేసే పెద్దావిడ. అరవై దాటి ఉంటాయి. మెడలో టేపు అలాగే ఉంది. మేనేజరూ ఇంకొకతనూ కెమెరాలు ఆపుకుని వింటున్నారు. అంతా రికార్డవుతోంది. ముందుగా తేలికైనదని మ్యూట్ బటన్ వెతకమంటే ఆవిడ తెరంతా గాలించింది. నలభై సెకన్లు. నేను నోరు మెదపలేదు. నా బుర్రకి ఎక్కవమ్మా ఇవన్నీ, అని చిన్నబుచ్చుకుంది. తప్పు మీది కాదని కాగితంలో ఉన్న మాట మళ్ళీ చదివాను. ఆవిడ తలెత్తి నన్నే చూసింది. ఈ మాట ఇంతవరకూ తనతో ఎవరూ అనలేదంది.

అప్పుడే ఆయన వచ్చాడు. చేతిలో చొక్కా. మెడ దగ్గర గుండీ ఊడిపోయి ఉంది. గదిలోకి వస్తూనే అడిగాడు, నేను మ్యూట్ నొక్కి, “పెట్టానండీ” అన్నాను. బూటు ముక్కుతో మోకాలి కింద, ఎముక మీద, మూడుసార్లు తన్నాడు. రెండోసారికే కళ్ళు బైర్లు కమ్మాయి. చిరునవ్వు మాత్రం చెదరనివ్వలేదు, మూడేళ్ళ సాధన మరి. గుమ్మంలో నిలబడ్డ అత్తగారు, “ఆఫీసువాళ్ళు వింటార్రా” అని వెళ్ళి కిటికీ మూసింది. ఆయన వేరే చొక్కా వెతకడానికి పక్క గదిలోకి వెళ్ళాడు. మ్యూట్ తీసి, ఆలస్యమైనందుకు క్షమించమన్నాను.

పెద్దావిడ మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంటోంది.

“ఇందాక నీ గొంతు ఆగిపోయింది, ఒళ్ళు మూడుసార్లు అదిరింది, మొహం మాత్రం నవ్వుతూనే ఉంది” అంది, నా చెవిలో హెడ్‌ఫోన్‌లోంచి. “నలభై ఏళ్ళు ఆడవాళ్ళ కొలతలు తీశాను తల్లీ. టేపు ఎక్కడ పెడితే ఉలిక్కిపడతారో, పొడుగు చేతులు ఎందుకు కుట్టమంటారో నాకు తెలుసు. తప్పు నీది కాదు. నువ్వే చెప్పావు కదా, ఆ మాట కాగితం వరకేనా?”

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ముందు ఆవిడ మీద, తర్వాత ఆ కాగితం మీద, ఆ తర్వాత ఇన్నాళ్ళూ “పెట్టానండీ, పెట్టానండీ” అంటూ ఆయన కాలికి దారిచ్చిన నా నాలుక మీద. నేను దాచబట్టే కదా ఆయనింత ధైర్యంగా కొడుతున్నాడు. మ్యూట్ బటన్ నాది, నొక్కే వేలు నాది, దెబ్బలూ నావే. ఆయన ఖర్చు పెట్టేదల్లా ఒక్క ప్రశ్న. ఈ ఉద్యోగం పోవచ్చు. ఈ ఇల్లు ఎలాగూ పోతుంది. వింటున్న ఇద్దరూ సాయం చేస్తారో చెయ్యరో నాకు తెలియదు. వినకుండా మాత్రం ఉండలేరు.

పక్క గదిలో బీరువా తలుపు దభాలున పడింది. అంటే చొక్కా దొరకలేదు. నా వేళ్ళు వాటంతటవే కదిలాయి. మెనూ, దాని లోపల మెనూ, దాని లోపల ఇంకొకటి, చివరిది. నాలుగు సెకన్లు. శబ్దాలు తీసేసే సదుపాయం ఆపేశాను. మైకు తెరిచే ఉంది. రికార్డింగ్ నడుస్తూనే ఉంది. హెడ్‌ఫోన్ తీసి పక్కన పెట్టాను. తెర మీద పెద్దావిడ కదలకుండా కూర్చుంది.

ఆయన చెక్క హ్యాంగరు పట్టుకుని వచ్చాడు. ఎప్పటిలాగే బల్లకి అవతల, ల్యాప్‌టాప్ వెనకాల, కెమెరాకి అందకుండా నిలబడ్డాడు.

“మ్యూట్‌లో పెట్టావా?”

“పెట్టానండీ” అని మొదటిసారి ఆయనతో అబద్ధమాడాను.