మూసేసిన సందు

మురుగు గొట్టం పగిలి మార్కెట్ వెనక సందు కుంగిపోయిందని తెలియగానే సిగ్నళ్ల ఇంజనీరు తల పట్టుకుంది. రెండు పెద్ద రోడ్లను కలిపే అడ్డదారి అది. ఆఫీసుల వేళ ఊళ్లో సగం బళ్లు అందులోనే దూరతాయి. దాన్ని మూస్తే ఇంకేమైనా ఉందా!

మర్నాడు పొద్దున్నే కంట్రోల్ రూములో కూర్చుని, తెర మీద రోడ్లు రద్దీతో ఎర్రబడతాయని ఎదురుచూసింది. ఎర్రబడలేదు సరికదా, రోజూ ఎర్రగా ఉండేవి కూడా పచ్చబడ్డాయి.

"యంత్రం పాడైనట్టుంది," అన్నాడు పై అధికారి.

ఆమెకు కాలు నిలవలేదు. కిందికి దిగి, ఆ దారిలో బస్సు నడిపే బాబాయి బస్సెక్కింది.

"ఏంటి బాబాయ్, ఇవాళ ఊరికి సెలవా?"

"సెలవేంటమ్మా, వెనక్కి తిరిగి చూడు, కాలు పెట్టే చోటు లేదు. అయినా బస్సు రద్దీలో ఎక్కడా ఇరుక్కోవట్లేదు. నువ్వేదో మీట నొక్కావనుకున్నా!"

"నేనేం నొక్కలేదు. అదే కదా వింత."

తిరిగొచ్చి పాత కెమెరా దృశ్యాలు ముందేసుకుంది. సందులోకి తిరగాలంటే ప్రతి బండీ ఎదురొచ్చే బళ్లకు అడ్డంగా పోవాలి. దాని వెనక పెద్ద వరుస ఆగిపోతుంది. త్వరగా చేరాలని ఎవరికి వారు ఎంచుకున్న దారే అందరికీ ఆలస్యం తెచ్చిపెడుతోంది.

గొట్టం బాగయ్యాక, "సందు బళ్లకు మూసే ఉంచుదాం సార్," అంది.

"రోడ్డు మూస్తే రద్దీ తగ్గుతుందంటే నలుగురూ నవ్వుతారమ్మా."

"అయితే తెరిచి చూడండి."

తెరిచారు. మధ్యాహ్నానికల్లా తెరంతా ఎర్రబడింది. అధికారి వెంటనే మళ్లీ మూయించాడు.

ఆమె సంబరం ఎక్కువ రోజులు నిలవలేదు. సందు మొదట్లో తాళంచెవులు చేసే ఆయన ఆఫీసుకే వచ్చాడు.

"మీ రోడ్డు బాగుపడిందమ్మా, నా కొట్టే ఈగలు తోలుకుంటోంది. బళ్లు ఆగినప్పుడు తోచక నా బోర్డు చదివేవాళ్లు. అప్పుడు గుర్తొచ్చేది, ఇంటికి ఇంకో తాళంచెవి చేయించాలని."

రద్దీ మీద కూడా ఒక బతుకు నడుస్తోందని ఆమెకు ఏ తెరా చూపించలేదు. ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లి బాబాయిని అడిగింది.

"జనం తోచక నిలబడేది ఎక్కడ బాబాయ్?"

"ఇంకెక్కడ? నా బస్సు కోసం, స్టాపులో!"

ఆమె అనుమతి ఇప్పించింది. తాళాల కొట్టు స్టాపు పక్కకు మారింది. కొన్నాళ్లకు దాని పక్కన గొడుగులు బాగుచేసే ఆవిడ, ఆవిడ పక్కన పళ్ల బండి వెలిశాయి. వాళ్లను ఎవరూ పిలవలేదు.

"అమ్మాయ్, జనం పళ్లు బేరమాడుతూ బస్సెక్కరు, నేను హారన్ కొడుతూ కూర్చోవాలి," అని ఫోన్ చేశాడు బాబాయి. "అయినా ఈ కొట్లు లేనప్పటికన్నా ముందే చేరుతున్నా. ఎలాగంటావ్?"

"నాకూ తెలీదు. అక్కడే ఉండు బాబాయ్, వస్తున్నా," అంటూ ఆమె చెప్పులేసుకుంది.