మూడు గంటల గొళ్లెం

పెరటి తలుపు మార్చాలని పట్టుబట్టింది నేనే. కింది అడుగు మేర చెదలు తినేశాయి. మొన్న వానల్లో రెండుసార్లు తేళ్లు లోపలికి వచ్చాయి.

ఆ తలుపుకు నడుము ఎత్తున వేలు పట్టేంత రంధ్రం ఉండేది. అది మా మామ మొండయ్య పెట్టుకున్నది. బెల్లంపల్లి గనిలో మొదటి షిఫ్టు ముగించి మూడు గంటలకు వచ్చేవారు. పెరట్లోనే బొగ్గు మసి కడుక్కొని, రంధ్రంలో వేలు పెట్టి లోపలి గొళ్లెం ఎత్తేవారు. రిటైరయ్యాక పాత దోస్తులతో హోటల్లో చాయ్ తాగి వచ్చినా అదే వేళ, అదే తలుపు.

ఆయన పోయి నాలుగేళ్లు. అయినా రోజూ మూడింటికి ఆ గొళ్లెం ఒకసారి లేచి పడేది. వదులు తలుపు, గాలికి కదులుతోందని నేనూ మా ఆయన కరుణాకర్ అనుకునేవాళ్లం. మా అత్తమ్మ సత్తమ్మ మాత్రం ఆ చప్పుడు వినేదాకా అన్నం ముట్టదు. విన్నాక, "వడ్డించు బిడ్డా" అంటుంది. షుగరు మనిషి. పొద్దున మాత్ర వేసుకుంటే, మూడు దాటాక తినకుండా ఉండలేదు.

కొత్త తలుపు వడ్రంగి పరశురాములు చేశాడు. అంచుల్లో వెలుతురు కనబడకూడదని మూడుసార్లు రందాతో చెక్కించాను.

"నువ్వు జెప్పినట్టయితే చీమ గూడ నిన్నడిగే రావాలె అక్కా," అన్నాడు. "ఈ బొక్క దీనికి గూడ కొట్టాల్నా?"

"వద్దన్నా. తేళ్లకు అదొక్కటి తక్కువనా?"

గోడకు ఆనుకొని కూర్చున్న అత్తమ్మ మెల్లగా అడిగింది. "మరి మనిషెట్ల వస్తడు?"

"ముందటి దర్వాజ ఉన్నది గదనే పెద్దవ్వా," అన్నాడు పరశురాములు.

"మసి కాళ్లతోని ముందటికెల్లి వస్తడా? ఎన్నడన్న వచ్చిండా?"

పరశురాములు నా ముఖం చూసి, మళ్లీ మేకులు ఏరుకోసాగాడు. పాత తలుపును గొళ్లెంతో సహా పెరట్లో జామచెట్టుకు ఆనించి, తర్వాత తీసుకుపోతానన్నాడు.

ఆ రోజు మూడు గంటలకు చప్పుడు లేదు.

"ఇంకా రాలే," అంది అత్తమ్మ. నాలుగైంది, అయిదైంది. బతిమాలితే రెండు బిస్కెట్లు తిన్నది. మర్నాడూ తినలేదు; ఆమెకు చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. చక్కెర నీళ్లు తాగించాను. ఆ మరుసటి రోజు ఇక ఆగలేక, సరిగ్గా మూడింటికి తలుపు దగ్గరికి పోయి గొళ్లెం నేనే ఎత్తి వదిలాను.

అత్తమ్మ గదిలోంచే అంది. "అది నీ చెయ్యి బిడ్డా. ఆయన గంత గట్టిగ ఇడ్వడు."

సిగ్గుపడి, ఆరిన బట్టలు తీసే సాకుతో పెరట్లోకి వెళ్లాను. గాలి లేదు. తీగ మీది చీర కుచ్చు కూడా కదలడం లేదు. జామచెట్టు దగ్గర టక్కుమంది. చూస్తే పాత తలుపు మీద గొళ్లెం లేచి ఉంది. నేను చూస్తుండగానే మెల్లగా పడింది. కొద్దిసేపు ఆగి మళ్లీ లేచింది. ఆ తలుపు తీసినా లోపలికి రావడానికి ఇల్లేమీ లేదు, వెనుక జామచెట్టు తప్ప.

చాలాసేపటికి దగ్గరికి వెళ్లి రంధ్రంలో వేలు పెట్టాను. తీస్తే కణుపు దాకా నల్లగా మసి. మొన్న దసరాకు ఆ తలుపును సబ్బు పెట్టి కడిగింది నేనే.

పరశురాములుకు ఫోన్ చేశాను. సాయంత్రమే వచ్చాడు.

"ఎంత ఎత్తున అక్కా?"

"గడప కాడ్నుంచి మూడడుగుల రెండంగుళాలు."

టేపు పెట్టి గీత గీశాడు. ఈసారి హాస్యమాడలేదు. రంధ్రం కొట్టి అంచు గరుకు లేకుండా రుద్దాడు. పాత తలుపు సంగతి ఎత్తకుండానే వెళ్లిపోయాడు.

మర్నాడు వంటగది తుడిచి, అత్తమ్మకు కంచం కడిగి పెట్టాను. ఆమె తలుపుకు ఎదురుగా కాళ్లు చాపుకొని కూర్చుంది. నేను గడియారం చూడలేదు, గొళ్లేన్నే చూస్తున్నాను. ఈ తలుపు బిగుతుగా ఉంది. ఏ గాలికీ కదలదు.

గొళ్లెం లేచింది. తలుపు ఒక మనిషి పట్టేంత తెరుచుకుంది.

అత్తమ్మ కాళ్లు ముడుచుకొని దారి ఇచ్చింది. "వడ్డించు బిడ్డా," అంది.

లేచాను. తడి ఆరని నేల కనబడింది. అలవాటుగా నోట్లోంచి వచ్చేసింది.

"కాళ్లు గడుక్కొని రాండి మామా, ఇప్పుడే తుడిచిన."

తలుపు ఆగింది. కొంతసేపటికి పెరట్లో, తొట్టిలో చెంబు మునిగిన చప్పుడైంది.