పదమూడు సెకన్ల వ్యవధి

సోమవారం మధ్యాహ్నం లోరెయిన్ హోటల్లో పడమటి కిటికీ బల్ల దగ్గర, మిరపకాయ మాంసం పులుసు గిన్నెలు సగం ఖాళీ అయ్యేసరికే వాదన ముదిరింది. శనివారం కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మూడు పాయింట్ల తేడాతో గెలిచింది. గెలిచిన ఆట మీద అంత కోపం ఆ బల్ల దగ్గర అంతకుముందెన్నడూ వ్యక్తం కాలేదు.

"అది ఫుట్‌బాలా? కొట్టానికి నిప్పంటుకుంటే పందులు ఇలాగే పరిగెడతాయి," అన్నాడు బర్నెల్ ఓస్ట్‌మన్. నలభై ఏళ్ళు పందుల్ని పెంచినవాడు కనుక ఆ పోలికను ఎవరూ కాదనలేకపోయారు. "మునుపు మనవాళ్ళు గుండ్రంగా గుమిగూడి, తలలు దగ్గర పెట్టుకుని, ఏం చెయ్యాలో మాట్లాడుకునేవాళ్ళు. ఈ కొత్త కోచ్ టకెట్ వచ్చాక పడ్డవాడు లేవకముందే బంతి కదిలిపోతోంది."

"లేవలేనిది నువ్వే బర్నెల్," అన్నాడు విత్తనాల దుకాణం లైల్ ప్రోకాప్. "బాత్రూమ్‌కి వెళ్ళొచ్చేసరికి రెండు టచ్‌డౌన్లు పోయాయనేగా నీ ఏడుపు."

"ఒక్కటే పోయింది. రెండోది మెట్ల మీంచి చూశా."

"తింటూ అరవకండి," అంది లోరెయిన్, దాల్చినచెక్క రొట్టెల పళ్ళెం బల్ల మీద పెడుతూ. "ఎదుటివాళ్ళకి ముప్పై ఐదు పాయింట్లు ఇచ్చుకున్నారు. గెలిచారంటే నాకే నమ్మకం కలగలేదు."

"అదే నేననేది!" బర్నెల్ చెంచా ఎత్తాడు. "మనవాళ్ళు నిమిషంలో బంతి వదిలేస్తే, అడ్డుకునే కుర్రాళ్ళు మళ్ళీ వెంటనే మైదానంలోకి రావాలి. ఆఖర్లో వాళ్ళ కాళ్ళలో సత్తువ ఉండట్లేదు. నెమ్మదించమని రాద్దాం."

సొంతూళ్ళో మూడో ఆట ముగిసిన సోమవారం ఆ బల్ల తరఫున కోచ్‌కు ఒక ఉత్తరం వెళ్ళడం ఇరవై రెండేళ్ళ ఆచారం. అందరూ సంతకం చేస్తారు. కోచ్ గురువారం వచ్చి, వాళ్ళతో పులుసు తాగి, జవాబు చెప్పి పోతాడు. ఆ ఉత్తరం చదివి ఏ కోచ్ అయినా ఆట మార్చుకున్నాడనడానికి ఆ బల్ల దగ్గరే కూర్చున్న హార్లన్ ఫైఫర్ దగ్గర ఒక్క ఆధారమూ లేదు. అయినా ఈసారి ఉత్తరం వెళ్ళాలనీ, అందులో నెమ్మదించమని ఉండాలనీ అతను మనసారా కోరుకున్నాడు. నిరాధారమైన ఆశ తనలో కూడా ఇంత హాయిగా కాపురముండగలదని అతనికి అరవై తొమ్మిదో ఏట తెలిసింది.

కారణం పక్క కుర్చీలో ఉన్న డ్వైట్ సెడ్లక్. ఒకప్పుడు ట్రాక్టర్లు బాగుచేసిన మనిషి. ఆరేళ్ళ క్రితం అతని కళ్ళలో నడిమి చూపు పోయింది, తరవాత అంచులూ పోయాయి. అప్పటినుంచి స్టేడియంలో ముప్పై ఒకటో వరుసలో, డ్వైట్ కుడిచెవి పక్కన కూర్చుని హార్లన్ ఆట చెబుతున్నాడు. బంతి కదిలి, ఎవరో కూలి, ఈల మోగేదాకా ఒక ప్లే. దాని తరవాత జట్టు గుమిగూడి ఆలోచించుకునే ఇరవై ఎనిమిది సెకన్లు హార్లన్‌వి. జరిగింది చెప్పడానికి పది చాలు. మిగిలినవాటిలో మబ్బుల సంగతి, ముందు వరుస దంతవైద్యుడు కొత్తగా రంగేసుకున్న జుట్టు సంగతి, ఎదుటి జట్టు కోచ్ నిక్కరు సంగతి చెప్పేవాడు. అక్కడ తప్ప మరెక్కడా అతని నుంచి ఎవరికీ అన్ని మాటల అవసరం లేదు. జిల్లా సర్వేయరుగా పదవీ విరమణ చేశాక అతని ఫోను మోగితే అది సాధారణంగా పొరపాటు కాల్.

టకెట్ ఆ ఇరవై ఎనిమిదిని పదమూడు చేశాడు. మొదటి ఆటలో హార్లన్ ఒక ప్లే వెనకబడ్డాడు, రెండోదాంట్లో రెండు. కొలతల మనిషి కనుక కొలతలనే నమ్ముకుని మబ్బుల్నీ దంతవైద్యుణ్ణీ వదిలేశాడు. మూడో ఆటకు అంకెలు మాత్రమే మిగిల్చాడు: ఎన్నో ప్రయత్నం, ఇంకా ఎన్ని గజాలు కావాలి. "రెండు, ఏడు. కుడి. నాలుగు గజాలు. మూడు, మూడు." ఒక్క గజం తప్పుపోలేదు. ఆట అయ్యేసరికి గొంతు పూర్తిగా పోయింది.

"హార్లన్‌ని అడుగుదాం," అన్నాడు లైల్. "ప్రతి ప్లే రాసుకునేది తనేగా. ఏమయ్యా, మనవాళ్ళు అలిసిపోతున్నారా లేదా?"

హార్లన్ తన కాగితాలు ఇంట్లోనే పూర్తిగా పరిశీలించి వచ్చాడు. మూడు ఆటలతో ఏదీ తేలదని అనవచ్చు. అది నిజం కూడా. అలా అంటే ఉత్తరం బర్నెల్ కోరినట్టే వెళ్తుంది. కానీ పాత కోచ్ రోజుల్లో, అంకెలు తన అభిప్రాయానికి అనుకూలించినప్పుడు, రెండు ఆటలతోనే అతను ఈ బల్ల మీద తీర్పులిచ్చాడు. జాగ్రత్త అనేది అవసరమైన రోజునే గుర్తొస్తే దాన్ని జాగ్రత్త అనరు.

"ఆఖరి భాగంలో ఎదుటివాళ్ళు పోయినేడు ప్లేకి ఐదు గజాలు ముందుకెళ్ళారు," అన్నాడు. "ఈ ఏడూ ఐదే. మనవాళ్ళకి బంతి చిక్కినప్పుడల్లా వచ్చే పాయింట్లు మాత్రం సగానికి సగం పెరిగాయి. మూడు ఆటలే, ఒప్పుకుంటా. కానీ అలసట అనేది నా కాగితాల్లో లేదు బర్నెల్. నీ మోకాళ్ళలో ఉందేమో."

బల్లంతా నవ్వింది. బర్నెల్ కూడా నవ్వి, రొట్టె పులుసులో ముంచాడు. ఉత్తరం లైల్ రాశాడు: ఇలాగే ఆడించండి. హార్లన్ నాలుగో సంతకం పెట్టాడు. డ్వైట్ చెయ్యి పట్టుకుని ఐదోది పెట్టించాడు.

డ్వైట్‌ని ఇంటికి దింపడానికి బండి తీశాక, ధాన్యం గోదాముల దగ్గర డ్వైట్ గొంతు సవరించుకున్నాడు. "శనివారానికి రేడియో తెచ్చుకుంటున్నానురా. చెవుల్లో పెట్టుకునేది. మా అక్క పంపింది."

హార్లన్ బండి వేగం తగ్గించాడు. "ఎక్కడ తప్పు చెప్పాను?"

"ఎక్కడా లేదు. ఒక్క గజం తేడా లేదు. గజాలు రేడియోవాడూ చెప్తాడుగా. నువ్వు గొంతు చించుకోవడం ఎందుకు?"

"నెమ్మదించమని రాయించి ఉండాల్సింది."

"లెక్క దాచి రాయించావని తెలిస్తే ఈ బండి ఎక్కేవాణ్ణే కాదు," అన్నాడు డ్వైట్, మామూలుగానే.

శనివారం ఎండ పలచగా ఉంది. డ్వైట్ రెండు చెవుల్లోనూ రేడియో తీగలతో, ముఖం మైదానం వైపు ఎత్తి, ప్రతి ప్లేకీ సరిగ్గా సమయానికి పెదవులు బిగించి, సమయానికి నవ్వాడు. విరామంలో ఒక తీగ ఊడదీసి హార్లన్ వైపు వంగాడు. "ఇప్పుడు టైముందిగా. ఏదన్నా చెప్పు."

"పదిహేడు, పద్నాలుగు. మనం–"

"అది విన్నా."

హార్లన్ గుర్తు తెచ్చుకోబోయాడు. ఏం చెప్పాలి? గంటన్నరగా కూర్చున్నాడు. బంతి తప్ప వేరే ఏదీ చూసినట్టు లేదు. పోయిన ఆటలోనూ చూడలేదు. ముందు వరుసలో దంతవైద్యుడు వచ్చాడో లేదో చూసి చెబుదామని తల తిప్పేలోగా బ్యాండు మొదలైంది. డ్వైట్ కాసేపు మర్యాదగా ఎదురుచూసి, "పర్లేదులే," అని తీగను మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు.

రెండో సగంలో హార్లన్ కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని చుట్టూ ఉన్న జనాన్ని చూశాడు. దంతవైద్యుడి జుట్టు మళ్ళీ తెల్లబడింది. బ్యాండులో ట్యూబా ఊదే పిల్ల టోపీ రెండుసార్లు కింద పడింది, రెండోసారి తీసుకోలేదు. ఉత్తర దిక్కు వరుసల్లో ఒకావిడ, ఊరంతా లేచి అరుస్తుంటే, కూర్చుని ఊలు అల్లుతోంది. వీటిని అతను వరసగా, తిరిగి వెళ్ళేటప్పుడు చెప్పడానికి, మనసులో దాచుకున్నాడు.

బండి పార్కింగు దాటకముందే డ్వైట్ మొదలుపెట్టాడు. "మూడో భాగంలో ఆ నలభై గజాల పాస్ ఉంది చూశావా? రేడియోవాడు ఎంత బాగా చెప్పాడురా. ఎడమ అంచున ఒంటికాలి మీద నిలబడి పట్టుకున్నాడట. ఆ వెంటనే నడిమినుంచి ఏడు గజాలు. ఆ వెంటనే..."

పాస్ ముప్పై నాలుగు గజాలే. పట్టుకున్నది కుడి అంచున. హార్లన్ దిద్దలేదు. ఊ కొడుతూ, ఎక్కడైనా కాస్త ఆగితే టోపీ సంగతి చెబుదామని చూశాడు. గోదాములు వెళ్ళిపోయాయి, రైలుపట్టాలు వెళ్ళిపోయాయి. ఆనందంతో ఎర్రబడ్డ ముఖంతో డ్వైట్ తన ఇల్లు వచ్చేదాకా ఆట మొత్తం చెప్పాడు. ఒక ప్లేకూ ఇంకో ప్లేకూ మధ్య అతను ఎక్కడా ఆగలేదు.