వెనక వరుసలో వదిన

నా యోగా క్లాసు గంటసేపు. మొదట ఒళ్లు వేడెక్కించడం, తరవాత నిలబడి చేసేవి, ఆ తరవాత కూర్చుని చేసేవి. చివరి పది నిమిషాలు శవాసనం. రేపు ఏం చేయించాలో ఇవాళే కాగితం మీద బొమ్మలు వేసుకుంటాను. చదివింది మూడో తరగతి. ఆసనాల పేర్లు రాయబోతే ఒత్తులు ఎక్కడెక్కడో పడతాయి. అందుకని పుల్లల్లాంటి మనుషుల్ని గీస్తాను. వెనక్కి వంగిన బొమ్మ పక్కన ముందుకు వంగిన బొమ్మ ఉండి తీరాలి. నడుమును అటు వంచితే ఇటూ వంచాలి. ముప్పై ఏళ్లలో ఆ లెక్క ఒక్కసారే తప్పాను.

వదిన నాకంటే తొమ్మిదేళ్లు పెద్ద. అమ్మ పోయాక నాకు అన్నం కలిపి పెట్టిన మనిషి. అన్న కూడా పోయాక, ఇంట్లో ఒక్కతే ఏం చేస్తుందని క్లాసుకు రమ్మన్నాను. వెనక వరుసలో గోడ పక్కన చాప వేసుకునేది.

"మరిదీ, మిగతావన్నీ నీ కోసం చేస్తున్నానయ్యా. ఆ చివర పడుకోబెడతావే, అదొక్కటే నా కోసం" అనేది.

"పడుకోవడానికి ఇంత దూరం రావాలా అత్తా? ఇంట్లో మంచం లేదా?" అని పక్క చాప మీది టైలరమ్మ ఏడిపించేది.

"మంచం ఉందే. పడుకో అని చెప్పేవాళ్లే లేరు."

ఒకరోజు ఒక పెద్ద జిమ్ము యజమాని క్లాసు చూడ్డానికి వచ్చాడు. నచ్చితే నన్ను పెట్టుకుంటాడట. కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. ఇరవై నిమిషాలైనా తల ఎత్తలేదు. నేను కాగితం పక్కన పెట్టి ధనురాసనం చెప్పాను. తలెత్తాడు. చక్రాసనం చెప్పాను. ఫోను జేబులో పెట్టాడు. ఇంకొకటి చెప్పాను, అదీ వెనక్కి వంచేదే. మధ్యలో ముందుకు వంగేది ఒక్కటీ లేదు. ముందు వరుసలో కుర్రవాళ్లు విల్లుల్లా వంగారు.

వెనక నుంచి టైలరమ్మ గొంతు వినిపించింది. "ఊరుకో అత్తా, ఇది మన వయసుకు కాదు."

"నోర్ముయ్యవే! ఆయనెవరో చూస్తున్నాడు. ఇంట్లోవాళ్లమే చెయ్యకపోతే ఊళ్లోవాళ్లు చేస్తారా?"

విన్నాను. 'వదినా, నువ్వు కూర్చో' అంటే సరిపోయేది. నేను ఎప్పుడూ తక్కువే మాట్లాడతాను. కానీ ఆ రోజు నోరు లేవనిది అలవాటు వల్ల కాదు.

గంట అయిపోవచ్చింది. శవాసనానికి రెండే నిమిషాలు మిగిలాయి. అందరూ లేచి చాపలు చుట్టుకున్నారు. వదిన లేవలేదు.

"బాగుందయ్యా, ఇంకాసేపు" అని నవ్వింది.

యజమాని నా చెయ్యి ఊపి, వచ్చే నెల నుంచి రమ్మని వెళ్లిపోయాడు. ఆ తరవాత తెలిసింది, ఆమె లేవలేకపోతోందని. నేనూ టైలరమ్మా చెరో రెక్కా పట్టుకుని లేపాం.

వెన్నులో డిస్కు జరిగిందన్నాడు డాక్టరు. ఇక వంగొద్దన్నాడు. ఐదు నెలలైంది. రోజూ పొద్దున్నే వెళ్లి మంచం పక్కన కూర్చుని ఊపిరి తీయిస్తాను, పాదాలు కదిలిస్తాను. నా తప్పని చెప్పాలని రోజూ అనుకునేవాణ్ని. చెప్పకుండానే వచ్చేసేవాణ్ని.

నిన్న ఆమే అడిగింది.

"ఆ జిమ్మాయన ఏమన్నాడో నువ్వు చెప్పనే లేదు."

"మెచ్చుకున్నాడు. రమ్మన్నాడు."

ముఖం విప్పారింది. "చూశావా! మరి ఎప్పటినుంచి వెళ్తున్నావ్?"

"వెళ్లలేదు వదినా."

"అదేంటి?"

"నీ నడుం అలా అయ్యాక వెళ్లబుద్ధి కాలేదు. తప్పు నాదే. నిన్ను ఆపాల్సింది."

నావైపు తిరిగింది.

"ఆపకపోతే పోనీ. వెళ్లాల్సింది కదయ్యా. మరి నేను వంగిందెందుకు?"

"పాదాలు కదుపు వదినా" అన్నాను.

కదపలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.