గడప అవతలి తల్లి

బిడ్డకు జ్వరం వచ్చినప్పుడల్లా తల్లి గడప దాటి వీధిలో నిలబడవలసి వచ్చేది. ఆమె గదిలో ఉన్నంతసేపూ థర్మామీటరులోని పాదరసం బిడ్డ జ్వరాన్ని లెక్కచేయక నూట ఎనిమిది దాకా ఎగబాకేది. థర్మామీటర్ల కర్మాగారంలో పాదరసం నింపే గదిలో పనిచేసేవారి ఇళ్లన్నింటా ఇది మామూలే. ఒంట్లో చేరిన పాదరసాన్ని గాజులోని పాదరసం గుర్తుపడుతుందని, చుట్టాన్ని చూసినట్లు లేచి నిలబడుతుందని ఆ పేటలో పసిపిల్లలకు కూడా తెలుసు.

"ఇంకాస్త దూరం వెళ్లవే, నూట అయిదు చూపిస్తోంది!" అని భర్త లోపలినుంచి కేకవేసేవాడు.

"పాలబండి దాకా వచ్చానండీ. ఇంకా దూరమంటే ఊరు దాటిపోవాలి! ఇప్పుడెంత?"

"నూట ఒకటి."

"అదీ దాని జ్వరం. మాత్ర వెయ్యండి."

ఆ రెండు నిమిషాలూ అమ్మ చేయి కావాలని బిడ్డ ఏడ్చేది. ఆ ఏడుపు పాలబండి దాకా వినిపించేది.

ఆమెకు ఆ ఉద్యోగం ఇప్పించినది తోడబుట్టిన అక్క. ఆరేళ్ల క్రితం నింపే గదిలోని తన కుర్చీని కొంగుతో తుడిచి, చెల్లెలిని అందులో కూర్చోబెట్టి, తాను సూపర్వైజరు బల్ల వద్దకు మారింది. "నా కుర్చీ పరాయివాళ్లకి ఎందుకివ్వాలే?" అని అక్క అన్నప్పుడు చెల్లెలికి కన్నీళ్లు వచ్చాయి.

గొట్టాల కొసలు కరిగించి మూసే దీపపు మంట గాలికి చలించి గాజు వంకరపోతుందని ఆ గది కిటికీలను మేకులతో బిగించారు. నేలమీద చిందిన రసాన్ని సాయంత్రం చీపురుతో ఊడ్చేవారు. ఊడ్చినకొద్దీ అది ఆవగింజలంత బిందువులై పగుళ్లలో దాక్కునేది. పని ముగియగానే అక్క స్వయంగా గ్లాసుడు పాలు తెచ్చి ఇచ్చేది. "తాగవే, లోపలిదంతా కడిగేస్తుంది" అనేది. చెల్లెలు చుక్క మిగల్చకుండా తాగేది.

నాలుగో ఏడు గడిచేసరికి ఆమెకు నోట్లో ఇనుప రుచి మొదలైంది. చిగుళ్లనుంచి నెత్తురు వచ్చేది, నిద్ర పట్టేది కాదు. ఆపైన వేళ్లు వణకసాగాయి. ఎవరైనా తేరిపార చూస్తే చాలు, చేయని తప్పుకు పట్టుబడినట్లు ముడుచుకుపోయేది. ఒకనాడు హాజరు పుస్తకంలో అక్క వేలు పెట్టి చూపిన చోట ఆమె చేసిన సంతకం చూసి తోటివారు, "చీమను సిరాలో ముంచి వదిలావా?" అని నవ్వారు. అందరితోపాటు తానూ నవ్వి, ఇంటికి వెళ్లి ఏడ్చింది.

చివరకు కర్మాగారపు డాక్టరు వద్దకు వెళ్లింది. హాజరు పుస్తకం పట్టుకుని అక్క వెంట వచ్చింది.

డాక్టరు పుస్తకం తిరగేశాడు. "సెలవూ వైద్యమూ నింపే గది వాళ్లకేనమ్మా. నీ పేరు ఆరేళ్లుగా ప్యాకింగులో ఉందే!"

చెల్లెలు అక్కవైపు తిరిగింది. "చెప్పక్కా."

అక్క డాక్టరు చేతిలోని పుస్తకం మీదనుంచి చూపు తిప్పలేదు. "ఇది పెట్టెలకి చీటీలు అంటిస్తుందండీ. చిన్నప్పటినుంచీ నరాల బలహీనతే."

చెల్లెలు బల్లవైపు ఒక అడుగు వేసింది. బల్లమీది గ్లాసులో ఉన్న థర్మామీటర్లన్నీ ఒక్కసారిగా కొసదాకా ఎక్కి నిలిచాయి.

డాక్టరు వాటిలో ఒకదానిని తీసుకుని, అక్కను గేటు అవతలి దాకా నడిపించి, అక్కడ విదిలించి ఆమె చేతికి ఆనించాడు. రసం మామూలు వేడి దాటలేదు. ఇద్దరూ తిరిగి గదిలోకి వచ్చారు.

"నీకు బాగా తగ్గిపోయిందే! ఆరేళ్ల కిందట నువ్వొచ్చినప్పుడు ఎంత విదిలించినా దిగలేదు, గుర్తుందా? కంటికి కనబడే రసం కంటే కనబడని ఆవిరితోనే ప్రమాదం, అది ఊపిరితో లోపలికి పోయి నరాలను పట్టుకుంటుందని చెప్పాను. పాలకి అది పోదన్నాను. కిటికీలు తీయించేదాకా, ఆ చీపురు మాన్పించేదాకా ఆ కుర్చీలో ఎవరినీ కూర్చోబెట్టొద్దన్నాను. అన్నిటికీ తలూపి వెళ్లావు."

"ఎవరో ఒకరు కూర్చోవాలి కదండీ" అంది అక్క, గొంతు తగ్గించి. "మనిషిని చూపించకపోతే మళ్లీ నన్నే కూర్చోమన్నారు. నింపే గదిలో పేరు వ్రాస్తే మీకు తెలిసిపోతుందని ప్యాకింగులో వ్రాశాను. నా పిల్లలు చిన్నవాళ్లు."

"నా పిల్లకి అప్పుడు మూడేళ్లక్కా" అంది చెల్లెలు.

డాక్టరు పుస్తకంలోని ప్యాకింగు అన్న మాటను కొట్టివేసి, పైన నింపే గది అని వ్రాసి సంతకం చేశాడు. చెల్లెలితో ఇక ఆ గదిలో అడుగు పెట్టవద్దని, ఒంటిమీది పనిబట్టలను ఇంటికి తీసుకుపోవద్దని చెప్పాడు.

నెలలు గడిచాయి. ప్రతి ఆదివారం భర్త థర్మామీటరు పట్టుకుని లోపల కూర్చునేవాడు. ఆమె పాలబండి దగ్గరినుంచి పొరుగింటి గోడదాకా, గోడనుంచి మెట్లదాకా కొంచెం కొంచెంగా దగ్గరకు వచ్చింది. వేళ్ల వణుకు తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అక్క ప్రతి సాయంత్రం పంపే పాలచెంబు మూత తీయకుండానే తిరిగి వెళ్లేది.

వానాకాలంలో బిడ్డకు మళ్లీ జ్వరం వచ్చింది. థర్మామీటరు పెట్టి భర్త అలవాటుగా వీధివైపు కేకవేశాడు. "నూట రెండు! ఎక్కడున్నావే?"

"ఇక్కడేనండీ" అందామె. ఆమె చేయి బిడ్డ నుదుటిమీద ఉంది.

గడప అవతల పాలచెంబుతో అక్క నిలబడి ఉంది. "ఎంతుందే పిల్లకి?" అని అడిగింది. అక్క లోపలికి వచ్చినా పాదరసం కదిలేది కాదు. అయినా రమ్మని ఎవరూ అనలేదు.