పై అంతస్తు వంతు

మళ్ళీ బట్టలు పిండకుండానే ఆరేసినట్టుంది వదిన, చుక్కచుక్కగా నా చెంప మీదే పడుతోంది, వదినంటే వరసకేమీ కాదు, పై అంతస్తు మనిషి, నేను కుట్టి ఇస్త్రీ చేసిపెట్టిన బట్టల మీద నీళ్ళు కార్చి ఎన్ని పోట్లాటలు తెచ్చిందో, కానీ ఈ నీళ్ళకి సబ్బు వాసన లేదు, తుప్పు వాసన, పైపు పగిలిందన్నమాట, అవును, బాంబు పడింది కదా, సైరన్ మోగగానే కుట్టుమిషను బల్ల కిందికి దూరాను, ఇప్పుడా బల్లే గోడని మోస్తోంది, కాళ్ళు కదలవు, నొప్పి మాత్రం తెలుస్తోంది, నొప్పి ఉందంటే ప్రాణం ఉన్నట్టే.

కింద ఎవరో అరుస్తున్నారు, లోపల ఎవరైనా ఉన్నారా, ఉన్నానయ్యా, నా వంతు రానీ, ఇది కింది వాటా మాస్టారు పెట్టిన పద్ధతి, అందరూ ఒక్కసారే అరిస్తే ఎవరు లేరో ఎలా తెలుస్తుందమ్మా, పైనుంచి వరసగా పలకండి అన్నారు, దాడి ఆగిన ప్రతిసారీ మెట్ల మీద ముందు వదిన గొంతే, ఉన్నాం ఉన్నాం, మా పీడ మీకింకా వదల్లేదు, ఆ తర్వాత నేను, మా ఆయన పోయాక ఎవరైనా నా గొంతు కోసం చెవులు రిక్కించేది ఆ ఒక్క క్షణమే, అందుకే సైరన్ మోగితే భయంతోపాటు, సిగ్గులేకుండా, కాస్త సంతోషం కూడా వేసేది.

పలకవేం వదినా, అలిగావా, నీ మొహం చూడనని నిన్న నోరు జారాను, నిజమే, అయినా పొద్దున కొడుకు చొక్కా నా తలుపు గడియకి తగిలించి పోయావు, గుండీ కుట్టమని, మాటా పలుకూ లేకుండా, ఇదిగో నా చేతిలోనే ఉంది, ఇంకా కుట్టలేదు, తిట్టు, తిట్టయినా పలుకు.

ఇక్కడెవరూ లేరు, పక్క వీధికి పదండి, పారలు ఈడ్చుకుపోతున్న చప్పుడు, ఆగండయ్యా, మా వదిన ఇంకా చెప్పలేదు, ఆవిడ చెప్పందే నేనెలా, కళ్ళలో ఎండ పడుతోంది, ఎండేమిటి, నా నెత్తిన వదినా వాళ్ళ ఇల్లుండాలి కదా, బల్ల సందులోంచి చూస్తే నీలంగా, శుభ్రంగా, ఏమీ లేదు, ఆకాశం, ఒట్టి ఆకాశం, వదిన అలగలేదు, వదిన లేదు, వరస ఇక నాతోనే మొదలు, ఉన్నాను, అయ్యా, ఇక్కడ, ఉన్నాను.